దాగలి చెప్పే చరిత్ర: ఉక్కు పుట్టిన నేలలో మన వాటా ఎంత?



 ఈసారి పోస్టు కొంచెం పొడుగు ఉంటది, తీరిగ్గా చదవండి. మన గ్రూపులో రాజుల గురించి, పోరాటాల గురించి, జాతరల గురించి చాలా రాసుకున్నం. పని గురించి, పనిముట్ల గురించి మాత్రం తక్కువ రాసుకున్నం. అందుకే ఈసారి ఒక్క పనిముట్టును ముందల పెట్టుకుని ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల చరిత్ర చూద్దాం. ఆ పనిముట్టు దాగలి. కొన్ని ఊర్లల్ల దాకలి అంటరు. కమ్మరి కొలిమి పక్కన, ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి సుత్తెతో కొట్టే ఇనుప దిమ్మ.

దాని గురించి ఇంత పెద్ద పోస్టు ఎందుకు అని అడగొచ్చు. ఒకటి, మన గూడేల్లో వాడే గొడ్డలి, కొడవలి, నాగలి కర్రు, గడ్డపార అన్నీ ఏదో ఒక దాగలి మీద పుట్టినవే. రెండు, ఇప్పుడు మన పిల్లలు కొందరు సొంతంగా కొలిమి పెట్టుకుందాం, వెల్డింగ్ షాపుతో పాటు కమ్మరి పని కూడా చేద్దాం అనుకుంటున్నరు. వాళ్లకు మంచి దాగలి ఏదో, చెడ్డది ఏదో తెల్వాలె. మూడోది అసలు సంగతి. పాత ఇనుప సామాను కొనేటోళ్లు ఊరూరు తిరిగి పాత దాగళ్లను కిలోల లెక్కన కొని తీసుకపోతున్నరు. వాటితో పాటు మన చరిత్ర కూడా తూకానికి పోతున్నది.

కచ్చి అనే మాట

గోండీలో ఇనుమును కచ్చి అంటం. ఈ మాట మన పుట్టుక కథలోనే ఉన్నది. పహాందీ కుపార్ లింగో కథలో మన పూర్వీకులు గుహలో బందీ అయిన చోటు పేరు కచ్చికోపా లాహుగఢ్. నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ ఈ కథాగానాన్ని రాయించి పెట్టిండు. ఆయన 1863లో చనిపోయినంక, ఆ కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించిండు. అందులో కచ్చికోపాకు ఇనుప లోయ అని, లాహుగఢ్‌కు ఎర్ర కొండ అని అర్థం చెప్పిన్రు. మహారాష్ట్రలోని గోండియా జిల్లాలో ఉన్న కచార్‌గఢ్‌కు మాఘ పున్నమికి మన జిల్లాల నుంచి కూడా జనం పోతరు. ఆ గుహల చుట్టు కొండల్లో ఇనుప రాయి ఉన్నది. ఆ పేరులోనే ఇనుము ఉన్నదని మన పెద్దలు చెప్తరు.

పెర్సాపేన్ సంగతి కూడా యాది చేసుకోండి. పెద్ద దేవుని గుర్తుల్లో చౌర్‌తో పాటు ఇనుప బల్లెపు మొన ఉంటది. అంటే మనకు ఇనుము ఒక వస్తువు మాత్రమే కాదు, మన దేవుని గుర్తు కూడా. ఆ మొనను ఎవరో ఒక కమ్మరి ఏదో ఒక దాగలి మీద సాగగొట్టి ఉండాలె గదా.

1940ల్లో మన దగ్గర తిరిగిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్, గోండు సమాజంతో కలిసి బతికే చేతిపనుల వాళ్ల గురించి రాసిండు. గోండీ మాట్లాడే కమ్మరులను ఖాతీలు అంటరు. ఇత్తడి పోత పోసేటోళ్లు ఓజాలు. ఓజాల పనికి ఈ రోజు కొంత పేరు వచ్చింది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు దొరికింది, ఉషేగాం, కేస్లాగూడ పేర్లు పేపర్లల్ల వస్తున్నయి. ఇనుము కొట్టిన ఖాతీల గురించి మాత్రం మాట్లాడేటోళ్లు తక్కువ. ఇత్తడి బొమ్మ షోకేసులో నిలబడ్డది. నాగలి కర్రు మాత్రం దున్ని దున్ని అరిగిపోయింది.

ఇసుక నుంచి ఉక్కు దాకా

మన వాగుల్లో నల్ల ఇసుక చూసిన్రు గదా? వాన తగ్గినంక వాగు ఒడ్డున చారలు చారలుగా కనపడ్తది. అయస్కాంతం పెడితే అంటుకుంటది. ఉత్తర తెలంగాణల పాత కాలపు ఇనుము ఎక్కువగా ఇట్లాంటి అయస్కాంత ఖనిజం నుంచే వచ్చింది. దాన్ని కడిగి, కట్టెబొగ్గుతో కలిపి, మట్టి కొలిమిలో తిత్తులు ఊది కరగబెడితే అడుగున స్పంజులాంటి ఇనుప ముద్ద మిగుల్తది. ఈ పని చేసేటోళ్లను ముద్ద కమ్మరులు అన్నరు. కొలిమి నుంచి పారిపోయిన మడ్డి గడ్డకట్టి నల్లటి బరువైన రాయి లెక్క అయితది. దాన్ని చిట్టెం అంటరు. మన చేన్లల్ల, గుట్టల కింద, పాత ఊరి దిబ్బల మీద ఈ చిట్టెం కుప్పలు ఇప్పటికీ ఉన్నయి. ఇనుము తీసినోళ్లు మమ్మాయి అనే తల్లిని కొల్చిన్రు. కొన్ని ఊర్లల్ల ఆ తల్లి గుళ్లు ఇంకా నిలబడి ఉన్నయి.

2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో తిరిగి సర్వే చేసినయి. రెండు వందలకు పైగా స్థలాలను రాసుకున్నరు. గిల్ జూలెఫ్, శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్‌తో పాటు, ఏండ్ల తరబడి ఈ ఊర్లల్ల ఇనుము చరిత్ర మీద పనిచేసిన ఎస్. జైకిషన్ ఆ బృందంలో ఉన్నరు. ఒకటి రెండు ఊర్ల సంగతి కాదు ఇది. ఈ నేల మొత్తం ఒక పెద్ద ఇనుప కార్ఖానా లెక్క బతికిందన్న మాట.

వీటిలో ఎక్కువ పేరు వచ్చింది కోనసముద్రానికి. నిజామాబాద్ జిల్లాలో, కరీంనగర్ సరిహద్దు దగ్గర, గోదావరికి దక్షిణాన ఉన్న ఊరు. నిర్మల్ వైపు దిమ్మదుర్తి పేరు కూడా పాత గెజిటీర్లల్ల ఉన్నది. కోనసముద్రంలో మామూలు ఇనుమును మూసల్లో పెట్టి మళ్లీ కరగబెట్టి ఉక్కు చేసేటోళ్లు. మూసలు చేసే మట్టిలో వరి ఊక కలిపేటోళ్లు. రోజంతా, రాత్రంతా తిత్తులు ఆగకుండా ఊదాలె. ఆఖరికి మూస పగలగొడితే చేతిలో పట్టేంత ఉక్కు బిళ్ల వచ్చేది. ఈ ఉక్కునే యూరప్ వాళ్లు ఊట్జ్ అన్నరు. మన ఉక్కు అనే మాటే వాళ్ల నోట్ల తిరిగి ఊట్జ్ అయిందని పండితులు అంటరు.

హెన్రీ వెస్లీ వాయ్‌సీ అనే డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త, లాంబ్టన్ సర్వే బృందంతో ఈ ప్రాంతాలు తిరిగి కోనసముద్రం పని కళ్లారా చూసి రాసిండు. 1824లో ఆయన చనిపోయిండు. ఆయన రాత 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు ఊర్ల ఇనుమును లెక్క ప్రకారం కలిపేవారని అందులో ఉన్నది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే పర్షియా వ్యాపారి అక్కడే ఉండి ఉక్కును దగ్గరుండి తూయించి, పరీక్ష చేయించి కొంటున్నడని కూడా ఉన్నది. సముద్రం అవతలి నుంచి మనిషి వచ్చి మన పక్క ఊర్లో కూసొని ఉక్కు ఏరుకున్నడు. అదే ఉక్కుతో అక్కడ చేసిన కత్తులకు డమాస్కస్ కత్తులని పేరు వచ్చింది.

ఇక్కడ ఒక మాట గమనించండి. కొనేటోడి పేరు పుస్తకంలకు ఎక్కింది. తిత్తి ఊదినోళ్ల పేర్లు ఎక్కలేదు. ఇసుక కడిగిన ఆడవాళ్లు, అడవిలో బొగ్గు కాల్చినోళ్లు, మూసలు పిసికినోళ్లు, వీళ్లెవరూ అందులో లేరు. ఇదంతా మనమే చేసినం అని మేము అనడం లేదు. ఉక్కు పనిలో చాలా కులాల, చాలా జాతుల చెయ్యి ఉన్నది. కానీ బొగ్గు లేకుండా ఇనుము లేదు, అడవి లేకుండా బొగ్గు లేదు. ఆ అడవిల ఎవరు బతికిన్రో మనకు తెలుసు.

అంత ఉక్కు ఉండి దాగలి ఎందుకు చిన్నగున్నది?

యూట్యూబ్‌లో చూస్తే విదేశీ దాగలికి ఒక పక్క కొమ్ము ఉంటది, పైన విశాలమైన ముఖం, కింద నడుము, కాళ్లు. మన ఊరి దాగలి మాత్రం నలుపలకల దిమ్మ. కింది భాగం సన్నగా ఉండి మొద్దులో దిగుతది. ఇది చూసి మనోళ్లకు పెద్దది చేయడం చేతకాలేదు అనుకుంటరు. అది తప్పు.

దాగలి ఎంత పెద్దగుండాలె అనేది దాని మీద ఏం కొడ్తరు అనే దాన్ని బట్టి ఉంటది. మన కొలిమిలో దిగే ముద్ద చిన్నది. మూసలో వచ్చే ఉక్కు బిళ్ల ఇంకా చిన్నది. పైగా ఆ ఉక్కులో కర్బనం నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా ఉంటది. బాగా తెల్లగా కాల్చి పెద్ద సమ్మెటతో దబదబ కొడితే అది పగిలి ముక్కలైతది. తక్కువ వేడిమీద, చిన్న దెబ్బలతో, ఓపికగా సాగదీయాలె. ఈ గుట్టు తెల్వక యూరప్ కమ్మరులు మొదట్లో ఊట్జ్ బిళ్లలను చాలా పాడు చేసుకున్నరు. పెద్ద దెబ్బ అవసరం లేని పనికి పెద్ద దాగలి ఎందుకు?

రెండోది, మన కమ్మరి కూసొని పని చేస్తడు. ఎదురుగా భార్యో, కొడుకో నిలబడి సమ్మెట వేస్తరు. అందుకే దాగలిని చింత మొద్దులోనో, తుమ్మ మొద్దులోనో దిగగొట్టి, ఆ మొద్దును భూమిలో పాతుతరు. అప్పుడు మొద్దు, దాని చుట్టు గట్టిగా కూరిన మట్టి కూడా దాగలికి తోడు నిలబడ్తయి. బరువైన ఇనుము కొనలేని మనిషి భూమినే బరువుగా వాడుకున్నడు.

మూడోది, పాత కాలంలో పని వెంట మనిషి కదిలేటోడు. ఖనిజం, బొగ్గు దొరికే చోటికి కొలిమి మారేది. మోయగలిగే దాగలే అట్లాంటి బతుకుకు సరిపోతది.

బయటి దేశాల దాగలి కథ

అదే కాలంలో బయట ఏం జరిగిందో కూడా తెలుసుకుందాం, ఎందుకంటే అది మన కథకు వచ్చి తగుల్తది.

ఇంగ్లండులో పెద్ద దాగలిని మొదట మెత్తటి ఇనుప ముద్దలను కాల్చి అతికి చేసేటోళ్లు. ఆ ఇనుము చవక, కానీ మెత్తన. దాని మీద కొడితే గుంతలు పడ్తయి. అందుకని పైన ఒక ఉక్కు పలక కాల్చి అతికి, ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లు గుమ్మరించి గట్టిపరిచేటోళ్లు. అంటే ఒళ్లు ఇనుము, ముఖం ఉక్కు. షెఫీల్డ్‌లో మౌస్‌హోల్ ఫోర్జ్, డడ్లీలో పీటర్ రైట్ ఇట్లాంటి దాగళ్లకు పేరు పొందినయి. అమెరికాలోని ట్రెంటన్‌లో ఫిషర్ కంపెనీ 1847లో ఇంకో పద్ధతికి పేటెంటు తీసుకున్నది. అచ్చులో ఉక్కు పలక పెట్టి దాని మీద బీడు పోసి అతికించుడు. స్వీడన్‌లో సోడర్‌ఫోర్స్ వాళ్లు దాగలి మొత్తాన్ని ఉక్కుతోనే పోత పోసిన్రు.

ఆ ఉక్కు ముఖం దగ్గర మన కథ కలుస్తది. 1740లల్ల షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కు కరగబెట్టడం మొదలుపెట్టిండు. మన దిక్కు ఆ పని అప్పటికే వందల ఏండ్ల నుంచి నడుస్తున్నది. 1790లల్ల బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు ఊట్జ్ బిళ్లలను లండన్ రాయల్ సొసైటీకి పంపిండు. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద వ్యాసం చదివిండు. తర్వాత కరెంటు మీద పరిశోధనలతో పేరు పొందిన మైకేల్ ఫారడే కూడా 1819 నుంచి ఊట్జ్ మీద ప్రయోగాలు చేసిండు. కర్బనం ఎంత ఉంటే ఉక్కు ఎట్లుంటదో వాళ్లు నేర్చుకున్న దారిలో మన దేశపు బిళ్ల కూడా ఒక పాఠం. వాళ్లు ఆ పాఠాన్ని పుస్తకంల రాసుకున్నరు. మన దిక్కు అది చేతుల్లోనే ఉండిపోయింది. చేతులు ఆగిపోయినప్పుడు పాఠం కూడా ఆగిపోయింది.

కొలిమి ఎట్ల చల్లారింది?

1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చింది. టన్నుల కొద్దీ ఉక్కు చవకగా తయారయింది. రైళ్లు ఆ చవక ఇనుమును దేశం లోపలికి మోసుకొచ్చినయి. బజారులో కడ్డీ ఇనుము దొరికితే, రోజుల తరబడి ఇసుక కడిగి, బొగ్గు కాల్చి ముద్ద తీసేది ఎవరు? ముద్ద కమ్మరి పని పోయింది. ఊరి కమ్మరి మాత్రం మిగిలిండు, కానీ ఇనుము తయారు చేసేటోడు కాదు, కొన్న ఇనుమును వంచేటోడు అయిండు.

బజారు ఒక పక్క అయితే అడవి చట్టాలు ఇంకో పక్క. కిలో ఇనుము తీయాలంటే ఎన్నో కిలోల బొగ్గు కావాలె. నిజాం రాజ్యంలో అడవులను రిజర్వు చేసుకుంటూ పోయినకొద్దీ పోడు, పశువుల మేత, కట్టె, బొగ్గు అన్నీ నేరాలయినయి. మన గూడేలను ఖాళీ చేయించిన్రు. కుమ్రం భీం జోడేఘాట్ గుట్టల్లో 1940లో నేలకొరిగింది ఈ అడవి, ఈ భూమి కోసమే. జల్ జంగల్ జమీన్ అని మనం అంటున్నప్పుడు అందులో ఇనుము మాట వినపడదు, కానీ కొలిమికి కావాల్సిన ఇసుక, నీళ్లు, బొగ్గు మూడూ ఆ మూడు మాటల్లోనే ఉన్నయి.

ఇది మన ఒక్కరి కథ కాదు. మధ్య భారతంలో అగారియా అనే ఆదివాసీలు ఇనుము తీసే జాతి. వాళ్ల దేవుడు లోహాసుర్. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల మీద ఒక పుస్తకం రాసిండు. కొలిమి మీద పన్ను, బొగ్గుకు అడ్డంకులు, బజారులో చవక ఇనుము, ఈ మూడూ కలిసి వాళ్ల కొలుములను ఎట్ల ఆర్పేసినయో అందులో ఉన్నది. అగారియా అని ఉన్న చోట మన ఊరి పేరు పెట్టి చదివినా కథ పెద్దగా మారదు.

విచిత్రం ఏందంటే, మన కింద రాక్షసి బొగ్గు ఉన్నది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని అంతా బొగ్గు మీదనే నిలబడ్డ ఊర్లు. అడవి బొగ్గు నేరమైన నేల మీదనే గనుల బొగ్గు వ్యాగన్లల్ల నిండి పోయింది.

పట్టా ముక్క దాగలి

కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు లైను 1929 నాటికి పూర్తయింది. పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా మద్రాసు, ఢిల్లీ కలిసినయి. చవక ఇనుము తెచ్చి కమ్మరిని దెబ్బతీసిన రైలే, తర్వాత కమ్మరికి దాగలి కూడా ఇచ్చింది. దేశమంతటా చిన్న కొలుముల్లో రైలు పట్టా ముక్కే దాగలి. మంచి ఉక్కు, గుంతలు పడదు, దొరికే ధర తక్కువ.

దీంట్ల రెండు విషయాలు మన పిల్లలకు తెల్వాలె.

మొదటిది వాడే పద్ధతి. చాలామంది పట్టాను అడ్డంగా పడుకోబెడ్తరు. అట్ల పెడితే నడుమ సన్నటి మెడ ఉంటది కాబట్టి దెబ్బ వేసినప్పుడు ఊగుతది, బలం వృథా అయితది. నిలువుగా నిలబెట్టి సగం మొద్దులోనో, సిమెంటులోనో దింపితే మొత్తం బరువు దెబ్బ కిందికి వస్తది. మన రైల్వేలో మీటరుకు 52 కిలోలు, 60 కిలోల పట్టాలు ఉంటయి. 60 కిలోల పట్టా అడుగు ముక్క దాదాపు 18 కిలోలు. రెండడుగుల ముక్క నిలబెడితే 36 కిలోల దాగలి అయితది. పైన ముఖం చిన్నగుంటది, కానీ కొడవలికి, కత్తికి, ఉలికి అది చాలు.

రెండోది చట్టం. దీన్ని తేలికగా తీసుకోకండి. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం, రైల్వే సామాను అక్రమంగా మన దగ్గర దొరికితే మొదటి నేరానికే ఐదేండ్ల దాకా జైలు పడొచ్చు. అది న్యాయంగా వచ్చిందని చూపించాల్సిన బాధ్యత కూడా మనదే అయితది. "పక్కన పడి ఉన్నది, తెచ్చుకున్న" అంటే కోర్టు వినదు. రైల్వే తన పాత పట్టాలను వేలం వేస్తది. వేలంలో కొన్న స్క్రాప్ వ్యాపారి దగ్గర బిల్లుతో కొంటే భయం లేదు. ఆ బిల్లు మీద ఏం కొన్నరో, ఎన్ని కిలోలో రాయించుకుని భద్రంగా దాచుకోండి. గనుల లోపలి పట్టాలు కూడా కంపెనీ ఆస్తే, వాటికీ ఇదే జాగ్రత్త. అడవి కేసుల్లో మన జనం ఎంత తిరిగిన్రో మనకు తెలుసు. ఒక ఇనుప ముక్క కోసం ఇంకో కేసు నెత్తిన వేసుకోవద్దు.

కొనేటప్పుడు ఏం చూడాలె?

హాజీ హుసేన్ అంత దూరం నుంచి వచ్చి, తన కళ్ల ముందు పరీక్ష అయినంకనే ఉక్కు కొన్నడు. మనం కూడా అట్లనే కొనాలె. బజారులో రంగు వేసి మెరిసే దాగళ్లు దొరుకుతయి. వాటిలో చాలా వరకు బీడువి. బీడు అంటే పోత ఇనుము. అది దెబ్బను మింగుతది, అంచులు పగులుతయి.

1. గుండు పరీక్ష. పాత బేరింగ్‌లో నుంచి ఒక ఉక్కు గుండు తీసుకోండి. దాగలి ముఖం మీద స్కేలు నిలబెట్టి పది అంగుళాల ఎత్తు నుంచి వదలండి. ఏడు, ఎనిమిది అంగుళాలు లేదా అంతకంటే ఎక్కువ పైకి ఎగిరితే మంచి ఉక్కు ముఖం. మూడు, నాలుగు అంగుళాలకే ఆగితే అది బీడు, లేదా మెత్తటి ఇనుము. ముఖం మీద నాలుగైదు చోట్ల చూడండి. ఒక్క చోటనే చప్పబడితే అక్కడ పలక ఊడినట్టు, లేదా లోపల బుడగ ఉన్నట్టు. గుండు ఎగిరినట్టే సుత్తె కూడా ఎగురుతది. సుత్తె తనంతట తాను పైకి లేస్తే కమ్మరి భుజం సగం అలసట తప్పుతది.

2. చప్పుడు. ఉక్కు దాగలి గంట లెక్క మోగుతది. పగులు ఉంటే బొంగురు పోతది. అయితే మోగకపోతే చెడ్డది అనుకోవద్దు. ఫిషర్ తరహా దాగలి మోగదు, కానీ గుండును బాగనే ఎగరేస్తది. అందుకే గుండు పరీక్షనే నమ్మండి.

3. ఆకురాయి. ముఖం అంచు మీద ఆకురాయితో మెల్లగా గీయండి. జారిపోతే గట్టిది. సులభంగా కొరికితే మెత్తది.

4. నిప్పురవ్వలు. అమ్మేటోడు ఒప్పుకుంటే కింది భాగంల గ్రైండర్ కొంచెం తగిలించండి. బీడు రవ్వలు ఎర్రగా, పొట్టిగా వస్తయి. ఉక్కు రవ్వలు పసుపుగా, పొడుగ్గా, కొసన పువ్వు లెక్క పేలుతయి.

5. బరువు. మీరు వాడే సుత్తె బరువుకు కనీసం 20 రెట్లు ఉండాలె. రెండు కిలోల సుత్తెకు 40 కిలోలు. మొద్దులో గట్టిగా పాతితే కొంచెం తక్కువైనా నడుస్తది.

కొనే స్తోమత లేకపోతే తయారు చేసుకోవచ్చు. దాగలికి కొమ్ము, నడుము తప్పనిసరి కాదు. పాత మిల్లు షాఫ్టు ముక్క, ఫోర్క్‌లిఫ్టు పాత కొమ్ము, దళసరి ఉక్కు దిమ్మ, ఏదైనా సరే ముఖం సమంగా ఉండి గుండును ఎగరేస్తే అదే దాగలి. మన తాతల నలుపలకల దిమ్మ కూడా ఇదే కదా. ఎత్తు విషయంలో నిలబడి చేసేటోళ్లకు పిడికిలి కిందికి వేలాడేసినప్పుడు కణుపులు తగిలే ఎత్తు సరిపోతది. ముఖం అంచులను కొంచెం గుండ్రంగా నూరండి, లేకుంటే ముక్కలు లేస్తయి. గట్టి ముఖం మీద ఉట్టి సుత్తెతో కొట్టకండి. కళ్లద్దాలు లేకుండా కొలిమి దగ్గర నిలబడకండి. పాత దాగలిని శుభ్రం చేద్దామని నిప్పుల్లో వేయకండి, ముఖం గట్టిదనం పోతది, మళ్లీ రాదు.

ఇంకో మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతిపనులు ఉన్నయి. అందులో కమ్మరి పని ఉన్నది, సుత్తెలు, పనిముట్లు చేసే పని కూడా ఉన్నది. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు, ఆ తర్వాత తక్కువ వడ్డీకి అప్పు ఇస్తరు. చేతులతో ఆ పని చేసేటోళ్ల కోసమే ఈ పథకం. వోచరు వచ్చినప్పుడు ఇచ్చిన కిట్టు ఏదైతే అది తీసుకుని రాకుండా, జేబుల బేరింగ్ గుండు ఒకటి వేసుకుని పొండి.

పాత దాగలి అమ్మకముందు

ఇప్పుడు అసలు మాట. మీ ఊర్లో పాత కమ్మరి కొట్టంలో, ఖాతీ ఇంట్లో, దూలం కింద, బాయి గట్టున ఎక్కడైనా పాత దాగలి ఉంటే దాన్ని తుక్కుకు పోనీయకండి. స్క్రాప్ ధరకు అది కొన్ని వందలో, వెయ్యో. అదే పాత ఉక్కు దాగలిని కొత్తది కొనబోతే ఎన్నో రెట్లు పెట్టాల్సి వస్తది. ఇది పైసల లెక్క.

చరిత్ర లెక్క వేరే ఉన్నది. ఆ దిమ్మ ఏ ఇనుముతో చేసిందో, ముద్దలు అతికి చేసిందో, పట్టా ముక్కనో దాని ఒంటి మీదనే రాసి ఉంటది. పలకల అతుకు గీతలు కనపడ్తయి. ఎడమ పక్క అరిగిందో, కుడి పక్క అరిగిందో చూస్తే కమ్మరి ఎటు కూసున్నడో, సమ్మెట ఎటు నుంచి పడ్డదో తెలుస్తది. మన దిక్కు ముద్ద కమ్మరుల పేర్లు ఎవరూ రాయలేదు కాబట్టి, ఆ గీతలే మనకు మిగిలిన రాత.

కాబట్టి మన గ్రూపు తరఫున మూడు పనులు అడుగుతున్నం. ఒకటి, సెలవులకు ఊరికి పోయినప్పుడు దాగలి ఫోటో నాలుగు పక్కల నుంచి తీయండి, పక్కన స్కేలో, పెన్నో పెట్టి తీయండి. ఆ ఇంటోళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే తీయండి. రెండు, పనిముట్ల పేర్లు రాసుకోండి. దాగలిని, సమ్మెటను, తిత్తిని, పట్కారును గోండీలో, కొలామీలో, నాయకపోడు ఇండ్లల్ల ఏమంటరో పెద్దలను అడగండి. ఆ మాటలు పెద్దల నోట్లనే ఉన్నయి. మూడు, చిట్టెం కుప్పలు ఎక్కడున్నయో ఊరి పేరు, వాగు పేరుతో రాయండి. రోడ్లకు, చెరువు కట్టలకు ఆ చిట్టెం తవ్వి పోసేస్తున్న చోట్ల ముందుగాల ఫోటో అయినా తీయండి. కుప్పను తవ్వకండి, ముక్కలు ఇంటికి తెచ్చుకోకండి. అవి ఎక్కడున్నయో అక్కడ ఉంటేనే వాటికి విలువ.

చరిత్ర చదివే పిల్లలు మనల ఉన్నరు, మెటలర్జీ చదివే పిల్లలు ఉన్నరు, ఐటీఐలో ఫిట్టర్, వెల్డర్ చేసేటోళ్లు ఉన్నరు. ముగ్గురూ ఒక్క ఊరికి కలిసి పోతే ఒక రోజులో ఎంతో పని అయితది. ఉక్కును కొన్నోళ్లు రాసిన చరిత్ర మనం చదివినం. ఉక్కును కొట్టినోళ్ల దిక్కు నుంచి రాయాల్సింది ఇంకా ఉన్నది, దానికి కావాల్సిన ఆధారాలు మన ఊర్లల్లనే, ఎండకు వానకు పడి ఉన్నయి.

మీ ఊరి దాగలి సంగతి ఏందో రాయండి. చదివినోళ్లు ఊర్లో ఉన్న ఒక పెద్దమనిషికి ఇది చదివి వినిపించండి. వాళ్లు "అట్ల కాదు బిడ్డా, ఇట్ల" అని సరిదిద్దితే, ఆ మాట కూడా ఇక్కడ రాయండి.

జై సేవ! జల్ జంగల్ జమీన్!